లోపల కూర్చునే మనిషి

కారు ముందు అద్దం దగ్గర నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో కనుక్కోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బయట పైపు పట్టుకుంటారు. ఒకరు లోపల తలుపులు మూసుకుని కూర్చుంటారు. బయటి మనిషి కింది అంచు దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు పైకి జరుగుతాడు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అంచంతా కారి, సందు ఎక్కడుందో తేలదు. లోపలి మనిషి దగ్గర టార్చి, సుద్దముక్క ఉంటాయి. చుక్క కనిపించిన చోట సుద్దతో గీత గీయాలి.

రేకుల షెడ్డులో కారు మీద నీళ్లు పడుతుంటే లోపలి మాట బయటికి రాదు. అందుకని సంతోష్‌నగర్‌లోని రవీందర్ షెడ్డులో మాటలకు బదులు అద్దం మీద వేళ్లతో కొట్టే పద్ధతి ఉంది. ఒకసారి కొడితే ఆగు, నీళ్లు వస్తున్నాయి అని. రెండుసార్లు కొడితే ఏమీ లేదు, జరుగు అని. మూడుసార్లు కొడితే తలుపు తీయమని. ఈ పద్ధతి పెట్టింది రవీందర్ అన్న మైసయ్య. పంతొమ్మిదేళ్లు లోపల కూర్చున్నది కూడా అతనే.

ఐదేళ్ల కిందట అక్టోబరులో వరద వచ్చిన రోజు మైసయ్య చనిపోయాడు. అద్దం బిగించిన కారును యజమానికి ఇవ్వడానికి నడుపుకుంటూ వెళ్తున్నాడు. కారు నాలా కాలువలో కొట్టుకుపోయింది. రెండు రోజుల తర్వాత మూడు కిలోమీటర్ల దిగువన దొరికింది. మైసయ్య లోపలే ఉన్నాడు. దినాలు అయిన నెలకు అతని భార్య కొమురమ్మ షెడ్డుకు వచ్చింది. "మీ అన్న జాగల నేను గూసుంట" అంది. అప్పటి నుంచి లోపలి మనిషి ఆమె. ఇప్పుడు ఆమెకు నలభై ఆరేళ్లు. రవీందర్‌కు నలభై నాలుగు.

ఆమెకు రవీందర్ చెప్పని సంగతి ఒకటి ఉంది.

కారు ఇచ్చాక అన్నను వెనక్కి తీసుకురావడానికి ఆ రోజు రవీందర్ స్కూటర్ మీద వెనకే వెళ్లాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫర్లాంగు దూరంలో ఆగిపోయానని, ఏమీ చూడలేదని ఇంట్లో చెప్పాడు. అది నిజం కాదు. కారు నాలా పక్క సందులో ఆగిపోయింది. నీళ్లు కిటికీల మీదికి వచ్చాయి. రవీందర్ స్కూటర్ వదిలేసి నడుము లోతు నీళ్లలో కారు వైపు వెళ్లాడు. మైసయ్య లోపలి నుంచి ముందు అద్దం మీద కొట్టాడు. రవీందర్‌కు ఒక దెబ్బ వినిపించింది. అతను ఆగిపోయాడు. ఆగాలని అనుకోలేదు. పంతొమ్మిదేళ్లుగా ఒక దెబ్బకు ఆగిన కాళ్లు ఆగాయి. కాళ్లు మళ్లీ కదిలేలోపు కారు కదిలింది.

అన్న రావద్దని ఒకసారి కొట్టాడో, తలుపు తీయమని మూడుసార్లు కొడితే తనకు ఒకటే వినిపించిందో రవీందర్‌కు తెలియదు. కొమురమ్మకు తెలిస్తే ఆమె తన షెడ్డుకు రాదని, తన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదని మాత్రం తెలుసు. ఆమె తప్ప అన్న వైపు మనిషి అతనికి ఎవరూ మిగల్లేదు.

ఈ ఏడాది ఆషాఢంలో, ఒక బుధవారం, ప్రకాశం కారు తీసుకొచ్చాడు.

ప్రకాశానికి కార్వాన్‌లో పన్నెండు బర్రెలు ఉన్నాయి. కోవా, పనీరు చేసి మిఠాయి దుకాణాలకు వేస్తాడు. కారు తెల్లది. మూడేళ్ల కిందట పాత కార్లు అమ్మే ఒక యార్డులో కొన్నాడు. కారు దిగి ప్యాంటు అంచులు చూపించాడు. రెండూ తడిసి ఉన్నాయి.

"రవీందరన్నా, ఇగ పాల ధందా బంద్ చేస్త. దీంట్ల చేపలు పెంచుకుంట."

డబ్బా మీద కూర్చుని టిఫిను డబ్బా సర్దుతున్న కొమురమ్మ తలెత్తింది. "చేపలెందుకు, బర్రెనే గూసుండవెట్టు. నీల్లల్ల పండుడు దానికి అలవాటే."

"కొమురక్కా, నవ్వకు. నా బాధ నీకు తెల్వదు. మూడు దుకాన్లు తిరిగిన. రొట్టెకు నెయ్యి రాసినట్టు అందరు సీలెంటు రాసిండ్రు. ఒక్క సుక్క ఆగలే."

"వాన పడ్డంకనే వస్తున్నయా?" అని రవీందర్ అడిగాడు.

"గదే లొల్లి. పడ్డా వస్తున్నయ్, పడకున్నా వస్తున్నయ్. పోయిన వారం నాలుగు దినాలు ఎండ గొట్టింది గదా. రోజూ పొద్దుగాల కాళ్ల కాడ గిన్ని నీల్లు." బొటనవేలు, చూపుడువేలు ఎడంగా పెట్టి చూపించాడు.

"ఏసీ నీల్లయి ఉంటయ్. పైపు జామైతే లోపలికే గారుతయ్."

"ఏసీ ఏడుంది భాయ్? కొన్నప్పటి సంది నడవలే. శనారం పెండ్లి ఆర్డరుంది. అరవై కిలోల పనీరు. పోయినసారి ఆ సేటు పనీరు వాసన జూసి నాలా వాసనొస్తుందన్నడు. ఇజ్జత్ పాయె."

"ఫికర్ చెయ్యకు. శుక్రారం సాయంత్రం తోలుకపో."

ప్రకాశం ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. రవీందర్ ముందుగా ఏసీ పైపు చూశాడు. ఎండిపోయి ఉంది. వైపర్ల కింద జాలీ విప్పాడు. దాని కింద నీళ్లు పోయే రంధ్రాలు రెండు ఉంటాయి. ఆకులు పడి మూసుకుపోతే నీళ్లు లోపలికి తిరుగుతాయి. రెండూ తెరిచే ఉన్నాయి. మిగిలింది అద్దం.

కొమురమ్మ టిష్యూ కాగితాలను పట్టీలుగా చింపి లోపల అద్దం అంచు వెంట వరుసగా అంటించింది. చుక్క పడితే కాగితం రంగు మారుతుంది. తర్వాత ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. రవీందర్ మోటారు వేసి కింది ఎడమ మూల నుంచి మొదలుపెట్టాడు.

రెండు దెబ్బలు. జరిగాడు. రెండు దెబ్బలు. జరిగాడు. కింది అంచు మొత్తం అయింది. ఎడమ పక్క అంచు మీద జానెడు ఎత్తుకు వచ్చాడు.

ఒక దెబ్బ.

పైపు పక్కకు తిప్పి మోటారు ఆపాడు. తలుపు తీసి "ఏడ?" అని అడిగాడు.

కొమురమ్మ కాగితాల మీద టార్చి వేసి చూస్తోంది. "ఏందేడ?"

"ఒకటి కొట్టినవ్ గదా."

"నేనేడ కొట్టిన? నువ్వే బయటికెళ్లి కొట్టినవ్. ఏంది, ఎందుకాపిండు అని చూస్తున్న."

రవీందర్ ఆమె చేతులు చూశాడు. ఎడమ చేతిలో టార్చి, కుడి చేతిలో సుద్ద. కాగితాలు పొడిగా ఉన్నాయి. ఒక్క గీతా లేదు.

"రేకు సప్పుడై ఉంటది," అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే ఎత్తుకు వచ్చినప్పుడు ఒక దెబ్బ వినిపించింది. ఈసారి అతను తలుపు తీయక ముందే ఆమె తీసింది.

"రవీందర్, పరాచకాలాడుతున్నవా?"

"లేదు వదినా."

"మరెవలు కొడ్తున్నరు?"

షెడ్డులో మూడో మనిషి లేడు. మిగిలిన అంచంతా నీళ్లు పట్టారు. చుక్క కూడా లోపలికి రాలేదు. ఐదు గంటలకు తాళం వేసి వెళ్లిపోయారు. ఆ రాత్రి వాన పడలేదు.

గురువారం పొద్దున తొమ్మిదికి రవీందర్ షెడ్డు తీశాడు. కారు ఎడమ ముందు సీటు కింద నాలుగు వేళ్ల లోతు నీళ్లు ఉన్నాయి. వేలు ముంచి చూశాడు. ఇసుక తగిలింది. తల ఎత్తితే ముందు అద్దం మీద ఒక గీత కనిపించింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎత్తులో ఉంది. నీళ్లు నిలిచి తగ్గిన తర్వాత బురద ఎండితే గోడల మీద మిగిలే గీత అది. బయటి నుంచి వేలితో రుద్దితే పోలేదు. లోపలి నుంచి రుద్దితే పోయింది. కొమురమ్మ బస్సు దిగి వచ్చేలోపు కాగితంతో గీత తుడిచేశాడు. నీళ్లు మగ్గుతో ఎత్తి పోశాడు.

తొమ్మిదిన్నరకు ఆమె వచ్చింది. "నీల్లున్నయా?" అంది.

"కొన్ని."

"అద్దం తీసుడే ఇగ."

అద్దం తీయడానికి కూడా ఇద్దరు కావాలి. అద్దానికి, ఫ్రేముకు మధ్య ఆరి గట్టిపడిన సీలెంటు జిగురులోకి సూదితో తీగ గుచ్చి, ఒక కొస లోపలి మనిషి, ఒక కొస బయటి మనిషి పట్టుకుని రంపం కోసినట్టు లాగుతారు. పైన ఉన్న మూడు పొరలు వేరే దుకాణాలవి. తీగ వాటిని దాటి అడుగు పొరలోకి వెళ్లింది. అది గట్టిగా ఉంది. గంటంపావు పట్టింది.

"ఎవడతికిచ్చిండో గని సరిగ్గ అతికిచ్చిండు," అంది లోపలి నుంచి కొమురమ్మ. "ఇది కారే అద్దం గాదు."

అద్దానికి అతుక్కునే సక్షన్ కప్పులు పెట్టి చెరో పక్క పట్టుకుని అద్దం ఎత్తారు. బల్ల మీద బోర్లించారు. అద్దం మీద తీగ గీత పడలేదు. మార్చే అవసరం లేదు. రవీందర్ ఫ్రేము దగ్గరికి వచ్చాడు. తుప్పు ఉందేమోనని గుడ్డతో తుడిచాడు. ఎడమ మూలలో, అద్దం వేస్తే కనిపించకుండా పోయే చోట, తెల్ల పెయింటు పెన్నుతో ఒక అక్షరం, ఒక తేదీ ఉన్నాయి. అక్షరం 'మై'. తేదీ వరదకు ముందు రోజుది.

ప్రతి కారుకు అద్దం వేసే ముందు మైసయ్య అలా రాసేవాడు. ఏడాది తర్వాత ఎవరైనా కారుతోందని వస్తే తన పనేనో కాదో తేల్చుకోవడానికి. అది ఎవరికీ కనిపించదు. అద్దం తీసినవాడికి తప్ప.

వరదకు ముందు రోజు వాళ్లు అద్దం వేసింది ఒక్క కారుకే. వరద రోజు ఆ కారు బూడిద రంగులో ఉంది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న వైకుంఠం సేటుది. నీళ్లలో మునిగిన కారును ఇన్సూరెన్సువాళ్లు తీసుకున్నారు. ఎవరు కొన్నారో, ఎవరు రంగు వేశారో, ఈ కొత్త నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో రవీందర్‌కు తెలియదు. మైసయ్యను తీసినప్పుడు వెనక తలుపు పగలగొట్టి తీశారు. ముందు అద్దం జోలికి ఎవరూ పోలేదు. బల్ల మీద ఉన్నది ఆ అద్దమే. దాన్ని ఊడకుండా అతికించింది తామిద్దరు అన్నదమ్ములే.

"ఏం రాసుంది?" కొమురమ్మ బల్ల అవతల నుంచి అడిగింది.

"ఏం లేదు. యార్డోల్లు రాసుకున్న నంబరు."

"ప్రైమర్ తెస్త."

"నేను తెచ్చుకుంట. నువ్వు చాయ్ చెప్పిరా."

ఆమె వీధి చివర హోటలుకు వెళ్లింది. రవీందర్ ప్రైమర్ సీసా తీసి ఫ్రేము మీద పూశాడు. సీలెంటు పట్టడానికి ముందు పూసే ఆ ప్రైమర్ నల్లగా ఉంటుంది. అక్షరం, తేదీ పోయాయి. అతను ఆ మూల రెండుసార్లు పూశాడు.

మధ్యాహ్నం ఒంటి గంటకు కొత్త సీలెంటు పెట్టి అదే అద్దం బిగించారు. ఆరడానికి ఒక రోజు వదిలేయాలి. సాయంత్రం చేతులు కడుక్కుంటూ రవీందర్ అన్నాడు: "వదినా, రేపు నువ్వు రాకు. చిన్న పనే గదా. నేనొక్కన్నే చూసుకుంట."

"ఒక్కనివి లోపల గూసుంటవా, బయట నిలవడ్తవా?"

"పక్క దుకాన్ల రామ్‌చందర్‌ను పిలుస్త."

"రామ్‌చందర్‌కు పంచరేసుడే రాదు సక్కగ. సుద్ద గీత గీస్తడా?" ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏందో ఉన్నది రవీందర్. నిన్నటి సంది మనిషివి మనిషి తీరుగ లేవు. చెప్పేదుంటే చెప్పు."

"ఏం లేదు. నిద్ర లేదు."

ఆమె టిఫిను డబ్బాలు సర్దుకుంది. "సరే. రేపు పదకొండుకు వస్త," అని సంచీ తీసుకుని బస్టాపుకు వెళ్లింది.

శుక్రవారం పదకొండు గంటలకు వచ్చింది. ఎండగా ఉంది. షెడ్డు తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. రోడ్డు మీద బోనాల మైకు కడుతున్నారు. కొమురమ్మ కాగితాల పట్టీలు అంటించి ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. రవీందర్ మోటారు వేశాడు.

రెండు దెబ్బలు. రెండు దెబ్బలు. కింది అంచు అయింది. ఎడమ అంచు మీద జానెడు ఎత్తు దాటాడు. రెండు దెబ్బలు. పై అంచుకు వచ్చాడు. మధ్యకు చేరాడు.

ఒక దెబ్బ.

పైపు పక్కకు తిప్పాడు. అద్దం మీది నీళ్లు కిందికి జారాయి. లోపల నీళ్లు ఉన్నాయి. నీళ్లు డ్యాష్‌బోర్డు దాటి, స్టీరింగు దాటి, కొమురమ్మ గడ్డం దాకా ఉన్నాయి. టిష్యూ పట్టీలు ఊడి నీళ్ల మీద తేలుతున్నాయి. ఆమె అతని వైపే చూస్తోంది. కుడి చేయి అద్దం మీద ఉంది.

అతను నిలబడి ఉన్నాడు. ఎంతసేపు నిలబడ్డాడో తర్వాత చెప్పలేకపోయాడు. పైపు అతని చేతిలోనే ఉంది. నీళ్లు అతని కాళ్ల మీద పడుతున్నాయి.

తర్వాత పైపు వదిలాడు. తలుపు లాగాడు. రాలేదు. బల్ల మీది సుత్తి తీసుకుని ఎడమ తలుపు అద్దం మీద కొట్టాడు. రెండో దెబ్బకు అద్దం గింజలు గింజలై రాలింది.

నీళ్లు బయటికి రాలేదు. అద్దం గింజలు కొమురమ్మ ఒడిలో పడ్డాయి. ఆమె చీర పొడిగా ఉంది. టిష్యూ పట్టీలు అంచు వెంట అంటించినచోటే ఉన్నాయి. ఒక్కటీ తడవలేదు. ఆమె చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పిచ్చి లేసిందా?" అని అరిచింది. "ఏం పని గిది? కండ్లల్ల పడ్తే ఏంది గతి?"

"నీల్లు..." అన్నాడు.

"ఏం నీల్లు? ఏడున్నయ్ నీల్లు? నేను రెండు కొట్టిన, జరుగుమని. నువ్వు జరుగవైతివి. శిలోలె నిలవడితివి. మల్ల రెండు కొట్టిన. సుత్తి వట్టుకొచ్చినవ్."

"నాకు ఒకటే ఇనవడ్డది."

సుత్తి అతని చేతిలోనే ఉంది. మోటారు నడుస్తోంది. నేల మీద పైపు కదులుతోంది. కొమురమ్మ చెయ్యి బయటికి పెట్టి తలుపు తీసుకుని దిగింది. తలుపుకు తాళం పడి లేదు. చీర దులిపి, వెళ్లి మోటారు ఆపింది. వెనక్కి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"గా మూలకు ప్రైమర్ రెండుసార్లు ఎందుకు పూసినవ్?"

అతను తల ఎత్తాడు.

"చాయ్ చెప్పనీకి పోయేటప్పుడే చూసిన. మీ అన్న రాత నాకు తెల్వదా? తారీఖు గుడ చదివిన. నువ్వు చెప్తవని నిన్నటి సంది చూస్తున్న. ఇప్పుడన్న చెప్పు."

రవీందర్ చెప్పాడు. సుత్తి బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాడు. ట్రాఫిక్ లేదని, స్కూటర్ సందు మొదట్లో వదిలానని, నడుము లోతు నీళ్లలోకి దిగానని, అన్న తనను చూశాడని, అద్దం మీద కొట్టాడని, తాను ఆగానని చెప్పాడు. ఏడవలేదు. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత తక్కువ మాటల్లో అయిపోతుందని అతను అనుకోలేదు.

కొమురమ్మ అయ్యాక అడిగింది: "ఎన్నిసార్లు కొట్టిండు?"

"ఒక్కసారి."

"ఒక్కసారి కొట్టిండా, నీకు ఒక్కసారి ఇనవడ్డదా?"

"ఒక్కసారి ఇనవడ్డది."

"ఎంత దూరముంటివి?"

అతను షెడ్డులో చుట్టూ చూసి గోడ దగ్గరి నీలం డ్రమ్ము చూపించాడు. "కారు ఇక్కడుంటే నేను గాడ."

కొమురమ్మ కారు ముందు చక్రం దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి డ్రమ్ము దాకా అడుగులు వేసింది. పైకి లెక్కపెట్టింది. పదకొండు. డ్రమ్ము మీద చెయ్యి ఆనించి, అటే తిరిగి మాట్లాడింది.

"దవాఖాన నుంచి తెచ్చినంక తానం చేపిచ్చింది నేనే. కుడి చెయ్యి నేనే కడిగిన. నాలుగు వేళ్ల కణుపుల మీద తోలు లేదు. లోపటి బొక్క తేలింది. అది నీకు చెప్పలే. ఎవలకు చెప్పలే."

రవీందర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"అద్దం పగలగొట్టేటోడు కాలుతోని తంతడు. పిడికిలితోని గుద్దుతడు. కణుపులతోని కొట్టడు. మనిషి ఎదురుంగ ఉంటేనే గట్ల కొడ్తడు. అవతల ఎవలో ఒకలున్నరని నాకు గా దినమే తెలిసింది. ఎవలో తెల్వలే. నాలా పక్క ఇండ్లల్ల ఒక్కొక్కరిని అడిగిన. ఎవలన్న చూసిండ్రా అని. ఏడాది తిరిగిన. నా ఎంబడి నువ్వు గుడ వచ్చినవ్, యాదికున్నదా? స్కూటర్ మీద నువ్వే తిప్పినవ్."

"యాదికున్నది."

"అందరు లేదన్నరు."

ఆమె చీపురు తెచ్చింది. కారు సీటు మీద, నేల మీద పడిన అద్దం గింజలు ఊడ్చి చేటలోకి ఎత్తింది. అతను సాయం పట్టబోతే చేయి అడ్డం పెట్టింది. గింజలు సంచీలో పోసి మూతి కట్టింది. కాళ్లు కడుక్కుంది. పన్నెండున్నర అయింది. టిఫిను డబ్బాలు రెండు ఉన్నాయి. ఇంటి నుంచి రోజూ ఇద్దరికీ ఆమే వండి తెచ్చేది. రెండూ సంచీలో పెట్టుకుంది.

"వదినా," అన్నాడు.

"తలుపు అద్దం ఇయ్యాల్నే తెప్పియ్యి. రేపు ప్రకాశం పనీరు ఎయ్యాలె. మనం చేసిన పనికి గాయినను ఎందుకు సతాయించుడు."

"నువ్వు రేపు..."

"వస్త. ఏడికి వోత? ఇంకేం పని వచ్చు నాకు?" ఆమె షెడ్డు గడప దగ్గర ఆగింది. "రేపటి సంది పైపు నేను వట్టుకుంట. నువ్వు లోపల గూసో."

ఆ సాయంత్రం రవీందర్ తలుపు అద్దం తెచ్చి బిగించాడు. ప్రకాశానికి ఫోన్ చేసి శనివారం పొద్దున పదింటికి రమ్మన్నాడు. ప్రకాశం తిట్టాడు. పనీరు ఆటోలో వేసుకుపోతే ఎంత లొల్లి అవుతుందో చెప్పాడు. చివరికి సరే అన్నాడు.

శనివారం ఎనిమిదికి షెడ్డు తీసినప్పుడు కారు లోపల నీళ్లు లేవు. సీటు కింద పొడిగా ఉంది. కొమురమ్మ ఎనిమిదింపావుకు వచ్చింది. పైపు అందుకుంది. రవీందర్ టిష్యూ పట్టీలు అంటించాడు. వంకరగా వచ్చాయి. అది ఎప్పుడూ లోపలి మనిషి పని. ఎడమ సీట్లో కూర్చున్నాడు. కొమురమ్మ బయటి నుంచి తలుపు వేసింది.

లోపల ఇలా ఉంటుందని అతనికి తెలియదు. నీళ్లు అద్దం మీద పడగానే బయటి షెడ్డు, బల్ల, రోడ్డు పోయాయి. చప్పుడు ఒక్కటే మిగిలింది. అద్దం అవతల కొమురమ్మ చీర రంగు కనిపిస్తోంది. మొహం కనిపించడం లేదు. ఆమె తనను చూస్తోందో లేదో చెప్పడానికి వీల్లేదు.

కింది ఎడమ మూల మీద టార్చి వేశాడు. కాగితం పొడిగా ఉంది. వేళ్లు మడిచి కణుపులతో రెండుసార్లు కొట్టాడు. జరుగు అని.

పైపు జరగలేదు.

ఇంకాస్త గట్టిగా రెండుసార్లు కొట్టాడు. నీళ్లు అదే మూల మీద పడుతున్నాయి. అద్దం మీద నీటి పొర మందమైంది. చీర రంగు కూడా పోయింది. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తలుపుకు తాళం లేదని అతనికి తెలుసు. పిడి లాగలేదు. చెయ్యి తీసి మళ్లీ అద్దం దగ్గరికి తెచ్చి, ఈసారి లెక్క లేకుండా కొట్టడం మొదలుపెట్టాడు.